పచ్చి కట్టెల పొగ

“ఒకటిన్నర వరస పోయింది. కట్టెలకి కాళ్లొచ్చాయా?”

అర్వో ఈ మాట అనడం ఆ ఉదయానికి నాలుగోసారి. కుడిచెయ్యి గుడ్డజోలెలో వేలాడుతోంది. ఎడమచేత్తో పొగబెట్టిన చేపముక్క గిల్లుకు తింటూ, వంటింటి కిటికీలోంచి కట్టెల కొట్టంకేసి చూస్తున్నాడు.

నోరీన్ పెరటి తలుపు తోసుకుని లోపలికొచ్చింది. బూట్ల మంచు దులిపి, మోచేతుల దాకా వచ్చే తోలు గ్లౌజులు విప్పి కుర్చీ మీద పడేసింది.

“బాయిలర్లో నీళ్ల వేడి నూట ముప్పై ఫారన్‌హీట్ దగ్గరుంది,” అంది భర్తతో. “నూట ఎనభై ఎక్కాలి. పచ్చికట్టె మండదు, ఏడుస్తుంది.”

“ఏడవక? నువ్వు మింగించినట్టు మింగిస్తే ఎండువి మార్చిదాకా ఎలా ఉంటాయి?”

“పొద్దున ఎనిమిది మొద్దులు, సాయంత్రం పది. నీ లెక్కే. ఒక్కటి ఎక్కువ వెయ్యలేదు.”

“మరి వరసన్నర ఎవడి పొట్టలోకి పోయింది?”

పొయ్యి దగ్గర కాఫీ కాస్తున్న సైమా, అంటే అర్వో తల్లి, వెనక్కి తిరగలేదు. డెబ్బై ఎనిమిదేళ్ల ఆవిడకి వినబడనట్టు ఉండడం బాగా చేతనవును. వినికిడికి మాత్రం ఏ లోటూ లేదు.

బయట సున్నాకి పద్దెనిమిది డిగ్రీలు కింద ఉంది. పెరట్లో నలభై అడుగుల దూరాన రేకుల గదిలా నిలబడ్డ బాయిలరే ఈ ఇంటికి ప్రాణం. దాంట్లో కాగిన నీళ్లు నేల కింద గొట్టాల్లోంచి వచ్చి ఇల్లంతా వెచ్చబరిచి, చల్లారి, మళ్లీ అక్కడికే పోతాయి. పొద్దునా సాయంత్రం దాని కడుపు నింపాలి. అది వచ్చిన పదకొండేళ్లలో, చలికాలంలో నోరీన్ ఒక్క రాత్రి కూడా ఈ ఇంటి బయట పడుకోలేదు. నవంబరులో అర్వో జింకల వేటకి కట్టుకున్న మంచె మీంచి పడి భుజం విరగ్గొట్టుకున్నాక, మోసేదీ వేసేదీ కూడా ఆమే.

“రేపు పొద్దున ఆరింటికి బయల్దేరుతున్నాను,” అంది నోరీన్.

సైమా కాఫీ పోసి కొడుకు ముందొకటి, కోడలి ముందొకటి పెట్టింది.

“వచ్చేవారం చలి కాస్త తగ్గుతుందట,” అన్నాడు అర్వో.

“నువ్వు పడ్డప్పుడు ఒకసారి ఆసుపత్రికి వెళ్లడం మానేశాను. క్రిస్మసుకి నువ్వు ఒంటిచేత్తో కట్టెలు వెయ్యబోయి కుట్లు తెంచుకున్నప్పుడు రెండోసారి. ఈసారి కూడా రాకపోతే మళ్లీ మార్చి నెలాఖరుకే కుదురుతుందని పెద్దాసుపత్రి వాళ్లు చెప్పారు. చంకలో గడ్డ చలి తగ్గేదాకా ఆగుతుందా?”

“ఆగదని ఎవరన్నారు?”

“ఆగుతుందని ఎవరన్నారు?”

అర్వో చేపముక్క నోట్లో పెట్టుకున్నాడు. నెమ్మదిగా నమిలాడు. ఆమెకేసి చూడలేదు. భయం వేసినప్పుడు ఆ మనిషి తిండి మీద పడతాడు. ఆ సంగతి నోరీన్‌కి తెలుసు. తెలిసినా ఆ పూట జాలి పడే ఓపిక ఆమెకి లేదు.

“రెండు రాత్రులు. పొయ్యి ఎవరు చూస్తారు?” అన్నాడు చివరికి.

“రూడీ బావగారిని అడుగుతాను. నీ అన్నేగా.”

“వాడా? అక్టోబరు నుంచి నా గడప తొక్కలేదు వాడు.”

“నీ గడప తొక్కక్కర్లేదు. బాయిలరు పెరట్లో ఉంది.”

“పొగగొట్టం ఇంకో రెండు మూరలు పెంచరా అని వాడు నాకు హుకుం జారీ చేసి పోయాడు, నా పెరట్లో నిలబడి! ఇప్పుడు వాడి కాళ్లు పట్టుకుంటావా?” అర్వో తల్లివైపు తిరిగాడు. “అమ్మా, ఈ చేప ఎవరిచ్చారన్నావు?”

“చర్చిలో,” అంది సైమా.

“చూశావా? ఉప్పు ఎంత పొందిగ్గా పడిందో. రూడీగాడికి జన్మలో రాదు ఇలా వెయ్యడం.”

సైమా మళ్లీ పొయ్యివైపు తిరిగింది. నోరీన్ కాఫీ ముట్టుకోకుండా లేచి కోటు తగిలించుకుంది.

---

రూడీ ఇల్లు తూర్పున, రెండు వందల అడుగుల దూరంలో ఉంటుంది. సరస్సు మీంచి వచ్చే గాలి దాదాపు ఏ పూటైనా అటే తోస్తుంది. పొగ పైకి లేవడం లేదు. తెల్లగా, తడిగా, మోకాలెత్తున మంచు మీద పాకుతూ నోరీన్ కంటే ముందే ఆ ఇంటికి చేరుతోంది. వరండా మెట్లెక్కకముందే లోపలి దగ్గు వినబడింది. గత మూడు వారాలుగా రూడీ భార్య డెల్మాకి అదే పని.

“కూర్చో,” అంది డెల్మా తలుపు తీసి. “కాఫీ ఉంది. తిట్లు తర్వాత.”

రూడీ బల్ల ముందు కూర్చుని వల అల్లుతున్నాడు. తమ్ముడి కంటే ఐదేళ్లు పెద్ద, మాటల్లో ఇంకా పొదుపు. పంచదార గిన్నె కింద ఒక కాగితం ఉంది. అది బాయిలరు పొగ మీద ఊరి బోర్డుకి పెట్టుకునే ఫిర్యాదు. డెల్మా చేతిరాతతో నిండిపోయి ఉంది. కింద సంతకం చోటు మాత్రం ఖాళీ.

నోరీన్ వచ్చిన పని చెప్పింది. గడ్డ సంగతి చెప్పింది. రెండు రాత్రులంది. చెబుతున్నంతసేపూ కప్పు చెవి పట్టుకునే ఉంది.

“బాగుంది,” అంది డెల్మా. “నా ఊపిరి తీస్తున్న పొయ్యికి మా ఆయన చేతే కట్టెలు వేయిస్తావా?”

“అడగడానికి ఇంకెవరూ లేరక్కా.”

డెల్మా దగ్గింది. దగ్గు తగ్గాక ముఖం తుడుచుకుని, “ఆ గడ్డ సంగతి చూసుకో ముందు,” అంది. గొంతు మారింది. “నువ్వు పోతే నాకు తిట్టడానికి ఎవరుంటారు?”

“ఎన్నింటికి వెయ్యాలి?” అన్నాడు రూడీ.

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటాడని నోరీన్ అనుకోలేదు. “పొద్దున ఆరూ, సాయంత్రం ఆరూ, బావగారూ. ఇవాళ సాయంత్రం నాలుగింటికి ఒకసారి వస్తే చూపిస్తాను.”

“వస్తాను.”

“ఈయన మెత్తబడ్డాడమ్మా,” అంది డెల్మా కాగితం చూపించి. “నవంబరు నుంచి సంతకం పెట్టమని పోరుతున్నాను. ‘ఉండవే, వాడు మారుతున్నాడు’ అంటాడు. ఏం మారాడో నీకేమైనా తెలుసా?”

రూడీ వల మీంచి తల ఎత్తలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

నోరీన్‌కి సంగతి తెలిసింది బయటికొస్తుంటే. వరండాలో తలుపు వెనక నడుమెత్తున కట్టెలు పేర్చి ఉన్నాయి. చీల్చిన ఎండు మేపుల్, నిదానంగా కాలే గట్టి కట్టె. కొసలకి నీలం రంగు.

తను కోసిన కట్టెల కొసలకి ఏడాదికో రంగు కొట్టడం అర్వో అలవాటు. ఈ చలికాలానివి నీలం. వచ్చే చలికాలానికని మొన్న అక్టోబరులో కోసి పేర్చినవి నారింజ. ప్రస్తుతం ఆమె బాయిలర్లో వేస్తున్నవి ఆ నారింజవే.

మెట్ల పక్కన మంచులో సన్నటి చాళ్లు ఉన్నాయి, గడ్డకట్టిన సరస్సు మీద చేపల వేటకి లాక్కెళ్లే చక్రాల్లేని స్లెడ్డుబండివి. చనిపోయిన మామగారి స్లెడ్డు అది. దాన్ని బయటికి తీసే మనిషి ఇంట్లో ఒక్కరే ఉన్నారు.

ఆ వైపు ఊళ్లలో ‘తప్పయింది’ అని నోటితో చెప్పే మనిషి పుట్టలేదు. తప్పు చేసినవాడు ఏదో ఒకటి, బుట్టెడు బెర్రీలో, మోపెడు కట్టెలో, ఎదుటివాడి వరండాలో పెట్టి పోతాడు. ఎదుటివాడు దాని ఊసెత్తడు. ఎత్తితే అది చెడిపోయినట్టే. మనసులో ఒప్పుకుంటే తనూ ఏదో ఒకటి తెచ్చి పెడతాడు, అంతే. అన్నదమ్ములిద్దరం మాట్లాడుకోకుండానే రాజీపడుతున్నామని రూడీ ఇన్నాళ్లూ అనుకుంటున్నాడు. పంపింది తమ్ముడు కాదని తెలిస్తే పొద్దున ఆరింటికి ఆ బాయిలరు దగ్గరికి ఎవరూ రారు.

నోరీన్ ఆ చాళ్ల మీద నడుచుకుంటూ ఇంటికి పోయింది. అత్తగారిని ఏమీ అడగలేదు. ఆ అబద్ధం ఇంకో రెండు రోజులు నిలబడితే చాలు ఆమెకి.

---

నాలుగింటికి రూడీ వచ్చాడు. బాయిలరు గొళ్లెం ఎత్తి, తలుపు జానెడు మాత్రం తెరిచి ఆపాడు. నోటిలోనే పదిదాకా లెక్కపెట్టాడు. లోపల కమ్ముకున్న పొగకి ఒక్కసారిగా గాలి తగిలితే మంట ముఖం మీదికి దూకుతుంది. నోరీన్ ఎడమ కనుబొమ సగమే ఉండడానికి మొదటి ఏడాది చేసిన ఆ తొందరే కారణం. రూడీకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

తలుపు పూర్తిగా తెరిచి లోపలికి చూశాడు. మొద్దుల కొసల్లోంచి నీరు నురగ కక్కుతోంది. సుయ్ సుయ్యని శబ్దం.

“పచ్చివి,” అన్నాడు.

“ఎండువి అయిపోయాయి బావగారూ.”

“అయిపోవడమేంటి? అర్వో ఇంట్లోనా?” రూడీ కొట్టంవైపు చూశాడు. నీలం వరసల చోట వట్టి నేల ఉంది. “లేనప్పుడు మాకెందుకు...” అని సగంలో ఆగిపోయాడు. ఊసెత్తకూడదు కదా.

వంటింటి తలుపు తెరుచుకుంది. అర్వో చెప్పులతోనే, కోటు ఒక భుజాన వేలాడేసుకుని మంచులోకి దిగాడు.

“ఏం చూస్తున్నావు? ఇంకా మిగిలాయేమోననా?”

“నువ్వు లోపలికి వెళ్లు అర్వో,” అంది నోరీన్.

“నువ్వాగు. పొద్దుట్నించీ ఆలోచిస్తున్నాను. వీడు ఈ ఏడాది కోసింది అంతా మెత్తటి పాప్లరు. నా కళ్లతో చూశాను. పాప్లరు కాలిస్తే ఆ ఘాటు నాకు తెలీదా? నవంబరు నుంచీ గాలి ఇటు తిరిగినప్పుడల్లా వీడి పొయ్యిలోంచి వస్తున్నది మేపుల్ వాసన. ఎండు మేపుల్!” తమ్ముడు అన్నకి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. “చెయ్యి విరిగినవాడి కొట్టంలోంచి ఎత్తుకుపోవడానికి సిగ్గులేదూ?”

రూడీ బాయిలరు తలుపు మూశాడు. తమ్ముడి వైపు తిరిగాడు.

“నువ్వు పంపలేదా?” అన్నాడు.

“ఏం పంపడం?”

“రోజూ పొద్దున. స్లెడ్డు మీద. అమ్మ తెచ్చి పెట్టేది. నువ్వు పంపావా అనడిగితే మాట్లాడకుండా వెళ్లిపోయేది. మాట్లాడకపోతే నువ్వేననుకున్నాను.”

“నేనెందుకు పంపుతానురా నీకు?”

ఆ మాట బయటికొచ్చాక అర్వో కూడా కాస్త తగ్గాడు. కానీ వచ్చిన మాట వచ్చేసింది.

“మరి చేపలు?” అన్నాడు రూడీ.

“ఏం చేపలు?”

“ఆదివారం ఆదివారం నీ వరండాలో పెట్టాను. నేను పొగబెట్టినవి. పదకొండు చేపలు. ఎవరు తిన్నారు?”

ముగ్గురూ వంటింటి కిటికీవైపు చూశారు. కిటికీ వెనక సైమా నిలబడి ఉంది. ఈసారి ఆవిడ ముఖం తిప్పుకోలేదు.

---

రూడీ ఆ వంటింట్లోకి రావడం మూడు నెలల్లో అదే మొదటిసారి. టోపీ తీయలేదు. సైమా నాలుగు కప్పులు పెట్టింది. ఎవరూ కూర్చోలేదు.

“మీ ఇద్దరికీ నోళ్లు లేవు,” అంది ఆవిడ. “మీ నాన్నకీ లేదు. ఎవరో ఒకరు మొదలుపెడితే రెండోవాడు అందుకుంటాడనుకున్నాను. అందుకున్నారు కూడాను. చేపలొచ్చాయా లేదా?”

“నా కట్టెలు, అమ్మా!” అన్నాడు అర్వో.

“మీ నాన్న అడవి అది. నీ కట్టెలేంటి?”

“నాకు చెప్పొచ్చుగా?”

“చెబితే పంపనిచ్చేవాడివా?”

సైమా పెద్దకొడుకు వైపు తిరిగింది. “డెల్మాది పాడు ఛాతీ. పాప్లరు కాలిస్తే ఇంట్లో పొగ నిలుస్తుంది. పొయ్యిలో మంచి కట్టె ఉంటే ఆ పిల్లకి ఊపిరాడుతుందని...”

“అమ్మా,” అన్నాడు రూడీ. అతని గొంతులో కోపం లేదు, అదే వినడానికి బాగోలేదు. “నువ్వు ఎండువి మాకు మోశావు. ఇక్కడ ఎండువి తరిగి పచ్చివి వెయ్యాల్సి వచ్చింది. మూడు వారాలుగా ఈ పొగంతా ఎటు పోతోంది? గాలి ఎటు వీస్తుంది?”

సైమా చేతిలో కాఫీ పాత్ర అలాగే ఉంది. ఆవిడ ఆ లెక్క ఇంతవరకూ వేసుకోలేదు. రోజుకి రెండు స్లెడ్లు, ఆ వయసులో, తెల్లారకముందే లేచి. ఎవరి దగ్గు తగ్గుతుందని లాగిందో ఆ దగ్గే పెంచింది. పాత్ర దింపి నెమ్మదిగా కుర్చీలో కూర్చుంది. ఎప్పుడూ లేనిది, అప్పుడు ఆవిడ ముసలిదానిలా కనబడింది.

రూడీ జేబులోంచి కాగితం తీసి బల్ల మీద పరిచాడు. “ఇది నవంబరు నుంచి ఆపాను. వాడు దారికొస్తున్నాడని ఆపాను.”

“సంతకం పెట్టుకో,” అన్నాడు అర్వో. “పెన్ను కావాలా?”

“అర్వో!” అంది నోరీన్.

“బాయిలరు ఆపించెయ్యమను. అందరం కలిసి గడ్డకట్టుకుపోదాం.”

“బావగారూ,” నోరీన్ రూడీ ముందుకొచ్చింది. “వీళ్ల సంగతి వదిలెయ్యండి. రేపు పొద్దున మీరు వస్తానన్నారు. నాకు మాటిచ్చారు.”

“నీ కోసం వస్తానమ్మా. కానీ వాడు అడగాలి.”

“ఏమని?”

“నోటితో. రెండు రోజులు పొయ్యి చూడన్నయ్యా అని. కట్టెలూ వద్దు, చేపలూ వద్దు. ఒక్కమాట అడగమను.”

అందరూ అర్వోని చూశారు. అర్వో కిటికీలోంచి కొట్టాన్ని చూశాడు. గోడకున్న వేడిగొట్టం టక్కుమని చప్పుడు చేసి చల్లారుతోంది. బయట బాయిలరు ఫ్యాను తిరిగింది, ఆగింది, మళ్లీ తిరిగింది. ఆ ఒక్కమాటకి పట్టే టైములో నోరీన్ రెండుసార్లు ఆసుపత్రికి వెళ్లి రావచ్చు.

నోరీన్‌కి ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఇరవై రెండేళ్ల కాపురంలో మొదటిసారి ఆ మనిషి మీద అసహ్యం కలిగింది. లోపలికెళ్లి సర్దుకున్న సంచి తెచ్చి తలుపు పక్కన పెట్టింది. కుర్చీ మీది తోలు గ్లౌజులు తీసి అన్నదమ్ముల మధ్య బల్ల మీద, ఆ కాగితం పైన పెట్టింది.

“ఆరింటికి బయల్దేరతాను,” అంది. “ఇవి ఎవరు తొడుక్కుంటారో మీ ఇష్టం. ఎవరూ తొడుక్కోకపోతే ఆరిపోనీ.”

రూడీ గ్లౌజులు ముట్టుకోలేదు. కాగితం కూడా వాటి కిందే వదిలేసి వెళ్లిపోయాడు.

---

మర్నాడు పొద్దున ఆరింటికి ఇంకా చిమ్మచీకటి. అర్వో పడగ్గదిలోంచి బయటికి రాలేదు. మెలకువగానే ఉన్నాడని ఊపిరి చప్పుడే చెప్పింది. వంటింట్లో దీపం వెయ్యకుండా నోరీన్ సంచి తీసుకుంది. తడిమితే బల్ల మీద కాగితం చేతికి తగిలింది. గ్లౌజులు లేవు.

ఎవరో ఒకరు తీసుకున్నారు. ఎవరని అడగడానికి ఆగితే తనిక కదలలేనని ఆమెకి తెలుసు. కారు స్టార్టు చేసి, అద్దం మీది మంచు గీకి, నెమ్మదిగా వెనక్కి తిప్పింది.

లైట్లు పెరటి మీదుగా తిరిగాయి. బాయిలరు ముందు స్లెడ్డు ఉంది. దాని నిండా నీలం కొసల కట్టెలు. రూడీ వరండాలోంచి వెనక్కి లాక్కొచ్చినవి. స్లెడ్డు పక్కన సైమా. ఆ పొట్టి మనిషికి భుజాల దాకా వచ్చిన ఆ గ్లౌజుల్లో చేతులు ఎక్కడున్నాయో కూడా తెలియడం లేదు. పదకొండేళ్లలో ఆ బాయిలరు దగ్గరికి ఒక్కసారి పోని మనిషి. ‘ఆ దెయ్యం’ అనేది దాన్ని. ఇప్పుడు రెండు చేతులూ గొళ్లెం మీద ఉన్నాయి.

నోరీన్ కాలు బ్రేకు మీద పడింది. దిగితే చాలు. పది అడుగులు. దిగితే కట్టెలు తనే వేస్తుంది, వేశాక సాయంత్రానికి ఎవరని అడుగుతుంది, ఆ తర్వాత మార్చి నెలాఖరు వస్తుంది.

కిటికీ అద్దం దించింది. చలి ముఖం మీద కొట్టింది.

“అత్తయ్యా! జానెడే తెరువు! పదిదాకా లెక్కపెట్టు, ఆ తర్వాతే పూర్తిగా!”

ఆ కేక గడ్డకట్టిన గాలిలో రెండిళ్లకీ వినబడింది. ఎక్కడో ఒక తలుపు తెరుచుకున్న చప్పుడైంది. తమ్ముడిదో అన్నదో ఆ చీకట్లో తేలలేదు.

సైమా తల ఊపింది. ఊపినట్టే అనిపించింది.

నోరీన్ కాలు తీసి బండి పోనిచ్చింది. ఒకటి, అనుకుంది. రెండు. అద్దంలో పెరటి దీపం చిన్నదవుతోంది. మూడు, నాలుగు, ఐదు. మంచు మీద ఎవరివో అడుగులు పరుగెడుతున్నట్టు వినబడింది, లేక అది తన టైర్ల చప్పుడే. ఆరు. ఏడు దగ్గర దారి మలుపు తిరిగింది, చెట్లు అడ్డొచ్చాయి.

ఎనిమిది, అంది నోరీన్ పైకే.